శిరస్త్రాణంలో థర్మాకోల్: తలను కాపాడిన ఒక ఆలోచన చరిత్ర

గత నెలలో మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో మా తమ్ముడు ఒక పాత ఫోటో పెట్టాడు. 1984లో పాలంపేటలో, రామప్ప గుడి దగ్గర తీసినది. మా అల్విన్ పుష్పక్ స్కూటర్ మీద నేను, వెనుక నా భార్య, ముందు హ్యాండిల్ పట్టుకొని నిలబడిన మా నాలుగేళ్ల అబ్బాయి. ఆ అబ్బాయి ఇప్పుడు అమెరికాలోని కొలరాడోలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని కూతురు ఈ శీతాకాలం మొదటిసారి మంచు మీద స్కీయింగ్ నేర్చుకోబోతోంది. హెల్మెట్ ఎటువంటిది కొనాలని నన్నడిగి, నేను జవాబు చెప్పేలోపలే ఆ ఫోటో చూసి, "తాతా, ఇందులో మీ హెల్మెట్ ఏది?" అని మరో ప్రశ్న వేసింది.

ముగ్గురి తలల మీదా ఏమీ లేదు. అప్పటికి నేను పట్టా పుచ్చుకొని ప్రభుత్వ సర్వీసులో చేరి కొన్నేళ్లయింది. రోడ్డు ప్రమాదాలలో పగిలిన తలలకు కుట్లు వేస్తూనే ఉన్నాను. అయినా చంటివాణ్ణి స్కూటర్ ముందు నిలబెట్టుకొని వరంగల్ నుంచి పాలంపేట దాకా నిశ్చింతగా వెళ్లివచ్చాను. ఎందుకలా చేశానో ఆమెకు చెప్పాలంటే శిరస్త్రాణం కథ మొదటి నుంచీ చెప్పక తప్పదు. ఆమెకు ఫోన్‌లో చెప్పినదే ఇక్కడ కొంత విస్తరించి రాస్తున్నాను.

శిరస్సు, త్రాణం. తలను కాపాడేది. మాట ప్రాచీనమైనదే గాని, ఆ కాలపు శిరస్త్రాణానికీ నేటి హెల్మెట్‌కూ పని వేరు. నాటి శత్రువు కత్తి, బాణం, గద. పదునైన అంచు చర్మాన్నీ ఎముకనూ చీల్చకుండా ఆపడానికి గట్టి లోహం చాలు. ఉక్కుకు పేరు పడ్డ నేల మనది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరగించిన ఉక్కు పర్షియా వర్తకుల దాకా వెళ్లిందని చరిత్రకారులు చెబుతారు. గట్టిదనమే రక్షణ అన్న భావన అలా తరతరాలుగా మన మనసుల్లో నాటుకొన్నది. ఈనాటికీ దుకాణంలో హెల్మెట్‌ను వేలితో కొట్టి చూసి "గట్టిగానే ఉంది" అనేవారే ఎక్కువ.

రోడ్డు కత్తి వంటిది కాదు. అది కదలదు, మన తలే దాని మీదికి వెళుతుంది. మెదడు పుర్రెలో ద్రవం మధ్య తేలియాడే మెత్తని అవయవం. పుర్రె ఠక్కున ఆగిపోయినా మెదడు వెంటనే ఆగదు. ముందుకు వెళ్లి ఎముకకు కొట్టుకొంటుంది, లోపలి సన్నని సిరలు తెగుతాయి, నాడీతంతువులు సాగి చిట్లుతాయి. కనుక ఎంత వేగంగా పడ్డామన్నది ఎంత ముఖ్యమో, ఎంత దూరంలో ఆగామన్నదీ అంతే ముఖ్యం. చిన్న లెక్క చెబుతాను. తల ఒకటిన్నర మీటరు, అంటే 1500 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడి, గట్టి నేల మీద 2 మిల్లీమీటర్లలో ఆగిందనుకోండి. 1500ను 2తో భాగిస్తే 750. ఆ క్షణంలో తల మీద సగటున భూమ్యాకర్షణకు 750 రెట్ల తాకిడి పడుతుంది. అదే తల 25 మిల్లీమీటర్ల మేర నలిగే పదార్థం మీద ఆగితే 60 రెట్లే. పడిన ఎత్తు అదే, నేలా అదే. నడుమ వచ్చి చేరింది ఒక అంగుళం మెత్తదనం. అయితే ఇనుప టోపీ నలగదు. దాని లోపల గుడ్డ చుట్టినా అది ఒరిపిడి తగ్గించడానికే తప్ప ఈ పనికి చాలదు.

ఇక్కడ ఆ ఫోటోలో మా వెనుక కనిపించే గుడిని గురించి రెండు మాటలు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఆలయమది. 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గర్భాలయం పైనున్న శిఖరాన్ని నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. ఇటుక నిండా సన్నని రంధ్రాలు, వాటి నిండా గాలి. పునాదిలో ఇసుక నింపారు. అదురు వచ్చినప్పుడు ఇసుక సర్దుకొని దాన్ని కొంత మింగుతుందని ఇంజనీర్లు వివరిస్తారు. పైన బరువు తగ్గించారు, కింద మెత్తదనం పెట్టారు. ఆ శిల్పులు హెల్మెట్ సూత్రం ముందే కనిపెట్టారని నేను చెప్పబోవడం లేదు. అటువంటి గొప్పలు వాట్సాప్‌లో కావలసినన్ని ఉన్నాయి. గాలి నిండిన తేలిక వస్తువు, జారే ఇసుక కూడా బలమైన కట్టడంలో భాగమేనని ఆ గుడి ముందు నిలబడిన నాకు తట్టలేదన్నదే నా బాధ. శిరస్త్రాణం విషయంలో ప్రపంచానికే అది తట్టడానికి ఇరవయ్యో శతాబ్దం సగం గడవవలసి వచ్చింది.

తట్టించినవారిలో ముందువరుస వైద్యులదే. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందేల మైదానంలో ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడు పనిచేసేవాడు. మోటారు సైకిల్ పందేలలో తలకు దెబ్బలు తగిలిన వారిని తరచూ చూసి, కాన్వాసు గుడ్డను లక్క ద్రావణంతో గట్టిపరచి టోపీలు చేయించాడు. మొదట పందేల నిర్వాహకులు ఒప్పుకోలేదు. పట్టువదలక ఒప్పించాడు. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో పాల్గొన్నవారందరూ ఆ టోపీలు పెట్టుకోవలసి వచ్చింది. ఏటా ఆ పందెం తరువాత తల దెబ్బ కేసులు కొన్ని వచ్చేవని, ఆ ఏడు రాలేదని అక్కడి వైద్యుడు తరువాత గార్డ్‌నర్‌కు తెలియజేశాడట. కాని అది పందెగాళ్ల వస్తువుగానే మిగిలింది. రోడ్డు మీద వెళ్లే మామూలు మనిషికి దానితో పనేమిటని అప్పటి లోకాభిప్రాయం.

ఆ అభిప్రాయాన్ని కదిలించిన మరణం 1935లో సంభవించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన "లారెన్స్ ఆఫ్ అరేబియా" మే 13న ఇంగ్లండులోని తన ఇంటికి సమీపంలో బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిల్ మీద వస్తూ, ఎదురైన ఇద్దరు సైకిల్ బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలకు బలమైన దెబ్బ. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి 19న మరణించాడు. చికిత్సకు పిలిచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడిన యువ న్యూరోసర్జన్. తన చేతులలో ఏమీ చేయడానికి మిగలని ఆ కేసు ఆయనను వదలలేదు.

యుద్ధం వచ్చింది. రాత్రిపూట దీపాలార్పిన రోడ్ల మీద సైనిక వార్తాహరులు మోటారు సైకిళ్లపై తిరిగేవారు. కెయిర్న్స్ కేసులు లెక్కపెట్టనారంభించాడు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం యుద్ధపు మొదటి 21 నెలలలో బ్రిటన్‌లో 2,279 మంది మోటారు సైకిలు నడిపేవారు, వెనుక కూర్చున్నవారు రోడ్ల మీద చనిపోయారు. ఎక్కువ మరణాలకు కారణం తల గాయాలే. హెల్మెట్ ఉండి ప్రమాదానికి గురైనవారు ఆయన కంటబడింది కేవలం ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒక్కరూ చనిపోలేదు. ఏడు చిన్న సంఖ్య. ఈనాటి పరిశోధకులు దాన్ని రుజువుగా అంగీకరించరు. అయినా ఆ ఏడాది నవంబరులోనే సైన్యం తన మోటారు సైకిలు సిబ్బందికి హెల్మెట్ తప్పనిసరి చేసింది. పౌరులకు బ్రిటన్‌లో అదే చట్టం రావడానికి 1973 దాకా ఆగవలసి వచ్చింది. కెయిర్న్స్ దాన్ని చూడలేదు, 1952లోనే కన్నుమూశాడు. ఆయన పుట్టిన దేశంలోని విక్టోరియా రాష్ట్రం మాత్రం 1961లోనే ఆ చట్టం చేసింది. శాస్త్రం తేల్చిన తరువాత చట్టం రావడానికి ఒక తరం పట్టడం మన దేశపు జాడ్యమే అనుకొనేవారు ఈ తేదీలు గమనించగలరు.

అప్పటి హెల్మెట్ ఇంకా గట్టి టోపీయే. లోపల తలకూ డిప్పకూ మధ్య పట్టీలు మాత్రం ఉండేవి. అసలు మార్పు 1953లో అమెరికాలో వచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ లొంబార్డ్, ఆయన సహచరుడు కలిసి బయట డిప్ప, లోపల తాకిడిని మింగి నలిగిపోయే దళసరి నురుగు పొర, తలకు తగిలేచోట వేరే మెత్తని లైనింగు అనే ఏర్పాటుకు పేటెంటు పొందారు. దరిమిలా ఆ నురుగు పొరకు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్. ఆ పేరు భయపెట్టవచ్చు గాని, మనమందరం ఎరిగిన థర్మాకోల్ జాతిదే. వినాయక చవితి మండపాల్లోనూ టీవీ డబ్బాలలోనూ కనబడేది. హెల్మెట్‌లో వాడేది అంతకంటె దట్టంగా, కొలిచి చేసినది. దానిలో అధికభాగం గాలే. దెబ్బ తగిలినప్పుడు ఆ గాలి గదులు నలిగి, తల ఆగే దూరాన్ని పెంచుతాయి. ఒకసారి నలిగినవి మళ్లీ లేవవు. ఒక్క ప్రమాదానికి దాని ఆయుష్షు తీరిపోతుంది. బయటి డిప్ప మీద చిన్న గీత మాత్రమే ఉన్నా లోపల అది చచ్చిపోయి ఉండవచ్చు.

రోడ్డు పక్కన చవకగా అమ్మే హెల్మెట్లు కొన్ని చూశాను. డిప్ప మెరుస్తుంది, లోపల వేలితో నొక్కితే స్పాంజి. స్పాంజి చేతికి హాయిగా తగులుతుంది, కాని దెబ్బకు ఒక్కసారిగా అణిగిపోతుంది, తరువాత మిగిలేది గట్టి డిప్పే. "సార్, ఆ ఖరీదువాటిలో లోపల ఉత్త థర్మాకోలే" అని అమ్మేవాడు నాకు రహస్యం చెప్పినట్లు చెప్పాడు. అసలు రహస్యం అదేనని అతనికి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. 2021 జూన్ నుంచి మన దేశంలో ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఐఎస్ 4151 అనే ప్రమాణం డిప్పతోపాటు లోపలి పొరనూ, గడ్డం పట్టీనీ పరీక్షిస్తుంది.

ఇక మా మనవరాలి ప్రశ్న. ఆ రోజుల్లో రోడ్ల మీద వంద సీసీ జపాన్ ఇంజన్ల మోటారు సైకిళ్లు కొత్తగా వస్తున్నాయి. వేగం పెరిగింది, అలవాట్లు మారలేదు. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమావళిలోని 498-ఏ నియమం ద్విచక్ర వాహనం నడిపేవారికి హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు గగ్గోలు పుట్టింది. ఇష్టం వచ్చినట్లు సంచరించే హక్కుకు భంగమని వాదిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1988లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ నియమం వాహనదారుని మేలు కోసమేనన్నది. అదే సంవత్సరపు మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ వచ్చింది. గగ్గోలు పెట్టినవారిలో నేనూ ఉన్నానని ఒప్పుకోవాలి. డ్యూటీ గదిలో టీ తాగుతూ "చెమటకు బుర్ర ఉడికిపోతుంది, హారన్ వినపడదు, మెడ నొప్పి" అని నా తోటి డాక్టర్లతో కలిసి నవ్వాను. చదువుకొన్నవాడి మూర్ఖత్వం మరికాస్త నమ్మకంగా ఉంటుంది.

ఆ నవ్వు ఎప్పుడు ఆగిందో చెబుతాను. ఒక సాయంత్రం ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. కల్వర్టు దగ్గర మోటారు సైకిల్ జారి పడ్డాడు. నడిచే వచ్చాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, నాతో మాట్లాడుతూ టీ తాగాడు. చెవికి పైన వాపు తప్ప ఏమీ లేదు. రెండు గంటల తరువాత తల నొప్పన్నాడు, వాంతి చేసుకొన్నాడు, మగత కమ్మింది, ఒక కంటి పాప పెద్దదయింది. పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య ధమని తెగి రక్తం గడ్డకట్టే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అది. మధ్యలో ఆ రెండు గంటల తేటదనమే దాని మాయ. ఆ రోజుల్లో స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న పెద్దాసుపత్రి చాలా దూరం. పంపాము, దారిలోనే పోయాడు. మర్నాడు వాళ్ల అన్న ఆ కుర్రవాడి సామాను కోసం వచ్చాడు. అతని చేతిలో చిన్న గీత కూడా పడని హెల్మెట్. అన్నదే. తమ్ముడి తలకు వదులు. పట్టీ బిగిస్తే గడ్డం కింద దురదగా ఉందని బిగించుకోలేదట. పడినప్పుడు తలకంటె ముందు అదే ఎగిరి పొలంలో పడింది.

అప్పటి నుంచి నాకు హెల్మెట్ గురించి ఒక మాట స్థిరపడింది. సౌకర్యమనేది రక్షణలో భాగం. ఇబ్బందిపెట్టే హెల్మెట్ అద్దానికి వేలాడుతుంది, పెట్రోలు ట్యాంకు మీద కూర్చుంటుంది, కూరగాయలు మోస్తుంది. అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష మోటారు సైకిలు ప్రమాదాలలో హెల్మెట్ మరణపు ముప్పును 42 శాతం, తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఆ లెక్క తల మీద ఉన్న హెల్మెట్‌కే.

మంచు కొండల కథ కూడా ఇదే దారిన, ఇంకా ఆలస్యంగా నడిచింది. స్కీయింగ్‌లో చాలాకాలం ఉన్ని టోపీయే. 2009 మార్చిలో కెనడాలో నటాషా రిచర్డ్‌సన్ అనే నటి, నేర్చుకొనేవారి కోసం ఉన్న వాలులో, హెల్మెట్ లేకుండా పడింది. లేచి నవ్వింది, వైద్య సహాయం వద్దన్నది. రెండు రోజులకు చనిపోయింది. మా కుర్రవాడి జబ్బే, మా కుర్రవాడి తేటదనమే. ఆ వార్త చదివిన నాడు నాకు నిద్ర పట్టలేదు. అంతకు ముందే నార్వే పరిశోధకులు 2002 శీతాకాలంలో ఎనిమిది స్కీ కేంద్రాలలో పరిశీలించి, హెల్మెట్ తల గాయం ముప్పును 60 శాతం తగ్గించినట్లు చూపారు. అలాగని అది వజ్రకవచం కాదు. 2013 డిసెంబరులో కారు పందేల విజేత మైఖేల్ షూమాకర్ ఫ్రాన్సులో హెల్మెట్ పెట్టుకొనే బండరాయికి తగిలి తీవ్రంగా గాయపడ్డాడు. హెల్మెట్ ఉంది కదా అని కొత్తవారు నిటారు వాలులకు ఎగబాకడం తగదు.

ఇంకొక చిక్కు ఉంది. తల నేరుగా తగలడం అరుదు. ఏటవాలుగా తగిలి గిరుక్కున తిరుగుతుంది. ఆ తిప్పుడు మెదడును ఎలా మెలిపెడుతుందో కెయిర్న్స్ సహచరుడు హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త 1943లోనే పుర్రె నమూనాలలో జెలటిన్ నింపి చూపాడు. దానికి పరికరం కనిపెట్టే పని 1990లలో స్టాక్‌హోమ్‌లో ఒక న్యూరోసర్జన్, ఇంజనీర్లు కలిసి మొదలుపెట్టారు. నురుగుకూ తలకూ మధ్య కొద్దిగా జారే పలుచని పొర. మిప్స్ అన్న పేరుతో ఇప్పుడు అనేక స్కీ హెల్మెట్లలో దొరుకుతున్నది. అందుబాటు ధరలో ఉంటే తీసుకోమన్నాను.

మా మనవరాలితో ఇంకా ఏమి చెప్పానంటే, మొదట కొలత. కనుబొమలకు రెండు వేళ్ల పైన, చెవులకు కొంచెం పైగా, వెనుక తల ఉబ్బెత్తు మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో రాసుకోవాలి. దళసరి ఉన్ని టోపీ పెట్టి కొలవరాదు, దాని మీద హెల్మెట్ తొడగనూ రాదు. తొడిగి పట్టీ బిగించకుండానే తల అటూ ఇటూ ఆడిస్తే నుదుటి చర్మం హెల్మెట్‌తో కలిసి కదలాలి, హెల్మెట్ ఒక్కటే కదిలితే వదులు. పట్టీ బిగించాక గడ్డం కింద ఒక వేలు దూరాలి, అరచేయి దూరకూడదు. వెనుక నుంచి పైకెత్తి ముందుకు లాగితే ఊడి రాకూడదు. పదిహేను నిమిషాలు దుకాణంలోనే పెట్టుకొని ఉండాలి, ఎక్కడైనా ఒకే చోట నొప్పి మొదలైతే అది ఆ తలకు పనికిరాదు. కళ్లజోడు, అంటే మంచు గాగుల్స్, వెంట తీసుకెళ్లి హెల్మెట్‌తో కలిపి పెట్టి చూడాలి, రెంటికీ మధ్య నుదురు కనబడరాదు. గాలి రంధ్రాలు తెరిచి మూసే వీలుంటే చెమటా చలీ రెండూ అదుపులో ఉంటాయి. లోపల చీటీ మీద అమెరికాలో అయితే ఏఎస్‌టీఎం ఎఫ్2040, ఐరోపాలో అయితే ఈఎన్ 1077 అని ఉండాలి. సైకిల్ హెల్మెట్ మంచుకు, మంచు హెల్మెట్ మన రోడ్డుకు పనికిరావు. దేని పరీక్ష దానిదే. అద్దెకు తీసుకొంటే అది ఎన్నిసార్లు పడిందో మనకు తెలియదు, కనుక కొనుక్కోమన్నాను. అన్నిటికంటె ముఖ్యం, పడ్డాక తల నొప్పో వాంతో మగతో ఉంటే, ఎంత బాగా మాట్లాడుతున్నా ఆసుపత్రికి వెళ్లడం. ఇది మూడుసార్లు చెప్పించుకొన్నాను.

ఇక్కడి వారికి ఒక చేర్పు. మన ఎండలో లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకొంటే చెమట, దురద తగ్గుతాయి. ఊడదీసి ఉతుక్కొనే లైనింగు ఉన్నది ఎంచుకోండి. పెట్రోలు, థిన్నర్ నురుగును కరిగిస్తాయి, వాటితో తుడవకండి. వెనుక కూర్చున్నవారికీ, పిల్లలకూ వారి కొలతదే వేరేగా కొనండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు కూడా హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2022లో వచ్చిన కేంద్ర నిబంధన. ఫోటోలో మా అబ్బాయిని ముందు నిలబెట్టుకొన్న తీరు చూస్తే నాకిప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

మొన్న ఆదివారం మళ్లీ పాలంపేట వెళ్లాను, ఈసారి కారులో. అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు. బండ్లు ఆపేచోట ముప్పైకి పైగా మోటారు సైకిళ్లు. తిరుగు ప్రయాణానికి బయలుదేరుతున్న జంటను ఆపి మాట్లాడాను. అబ్బాయి తలకు మంచి హెల్మెట్, అమ్మాయి తలకు చున్నీ. "ఆమెకు ఏదీ సరిపోదు సార్, జడ అడ్డం వస్తుంది" అన్నాడు. జడ కిందికి వేసుకొని, వెనుక కింది అంచు కొంచెం ఎత్తుగా ఉన్నది చూసుకోమని, హనుమకొండ చేరాక మొదట దుకాణానికే వెళ్లమని చెప్పాను. అమ్మాయి నా దగ్గర కాగితం తీసుకొని కొలత ఎలా తీయాలో రాసుకొన్నది. ఆ పూటకు మాత్రం అబ్బాయి తన హెల్మెట్ ఆమెకిచ్చాడు. అది ఆమెకు వదులే. బండిని అక్కడే ఉంచి ములుగు దాకా నా కారులో రమ్మన్నాను, అక్కడి నుంచి బస్సున్నది. వారు కాసేపు ఆలోచించి అమ్మాయి కారెక్కింది, అబ్బాయి తన హెల్మెట్ తను పెట్టుకొని మా వెనకే నెమ్మదిగా వచ్చాడు.